మొదటి తుపాకి

ఐరాల,
18-11-1946

చిరంజీవి పంకజాక్షికి నాయన ధనంజయ దీవించి రాసేది.

మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఎనుము ఈనింది, పెయ్యదూడ. మంచి మాటలు ముందర అయిపోయినాయి గనక అసలు సంగతి రాస్తా.

మొన్న మన చెరుకు తోటలో ఎలుగ్గొడ్డు కుప్పయ్య మీద పడింది. గానుగకని చెరుకు కొడతా వంగినోడి మీదికి వెనకనించి వచ్చింది. వీపున తోలు లేచిపోయింది. చిత్తూరు ఆసుపత్రిలో ఉండాడు, బతుకుతాడంట. నేను పరిగెత్తిపోయి నా పాత తుపాకితో కాల్చినాను. అది కుందేళ్లకీ కౌజులకీ పనికొచ్చే రవ్వల తుపాకి గదా. ఎలుగ్గొడ్డు నా తట్టు ఒకసారి చూసి, దోమ కుట్టినట్టు ఒళ్లు విదిలించుకోని కొండెక్కిపోయింది.

ఒంట్లో రవ్వలు పెట్టుకోని తిరిగే ఎలుగ్గొడ్డు ఊరికి మంచిది కాదు. ఉగాది వేటలో దాని సంగతి తేల్చాల. మొదటి తుపాకి మనింటిది. గంగమ్మ రాయి ముందర తొలి గుండు కాల్చేది మనం, కొండలో ఎవర్ని యాడ నిలబెట్టాలో చెప్పేది మనం. ఒకప్పుడు అది మీ ఏకాంబరం మామ వాళ్లింటిది. వాళ్ల తాతకి కుడిచెయ్యి విరిగి, రాయి ముందర ఎడమ భుజాన తుపాకి పెట్టినాడు. గంగమ్మకి ఎడమచెయ్యి పనికిరాదని ఊరోళ్లు ఆ ఇంటినించి తీసి మనకిచ్చినారు. ఏకాంబరం ఈపొద్దుకీ ఆ మాటొస్తే నా తట్టు చూసి మీసం దువ్వుతాడు. మనిషి మంచోడే. కానీ మొదటి తుపాకి ఆయన చేతికి పోతే మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టేస్తాడు. పందిని కాల్చబోయి సొంత బెల్లం పెనానికి బొక్క పెట్టుకున్నోడు గదా.

దొరలు దేశం వదిలిపోతా తుపాకులు అమ్ముకుంటా ఉండారని చిత్తూరులో చెప్పుకుంటా ఉండారు. రైఫిలుకి అనుమతి దొరికింది. పందికి, కణితి దుప్పికి, చిరుతకి, ఎలుగ్గొడ్డుకి, అన్నిటికీ ఒకటే తుపాకి, ఒకటే రకం తూటా కావాల. బి.ఏ. చదివినదానివి, ఇంగ్లీషు పుస్తకాలు చూసి ఏది మంచిదో చెప్పు. ఉగాదిలోపల చేతికి రావాల.

నీ ఉత్తరాలు అరుగు మీద కూర్చోని మీ అమ్మకి చదివి వినిపిస్తా. మీ మామ కూడా వచ్చి వింటాడు. ఊరు వినకూడని మాటుంటే వేరే కాగితంలో రాసి లోపల మడిచి పెట్టు.

నీ నాయన


చెన్నపట్నం,
2-12-1946

నాయనా,

కుప్పయ్య సంగతి చదివి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆసుపత్రికి ఎవరు వెళ్లినా నా పేరు చెప్పి రెండు నారింజపళ్లు ఇచ్చి రమ్మను.

ఇక్కడ నేను చెప్పేది వ్యాకరణం, నా క్లాసు పిల్లలు వినేది కిటికీ బయట ట్రాము గంట. వాళ్లను కోప్పడలేను, నేను వినేదీ అదే. కాబట్టి నీ ఉత్తరం నాకు పెరోలు మీద విడుదల లాగా వచ్చింది. తలనొప్పి అని చెప్పి మౌంటు రోడ్డుకు వెళ్లాను.

తుపాకుల అంగట్లో గుమస్తా పేరు ఆదిమూలం. పుత్తూరు వాడు కావడంతో ప్రాణం లేచివచ్చింది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఎవరికమ్మా, మీ ఆయనకా?" అన్నాడు.

"మా నాయనకు."

"ఆయన రాలేదే?"

"ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు గురి రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

ముసలాయన నవ్వి కుర్చీ వేయించాడు. గురి రాదన్నది అబద్ధమే. నా చిన్నప్పుడు నువ్వు నాచేత పాత తుపాకి కాల్పించావు, గుర్తుందా? కుండ పగిలింది, నేను వెల్లకిలా చెనక్కాయ కట్టె వామి మీద పడ్డాను, అమ్మ మనిద్దరికీ కలిపి చివాట్లు పెట్టింది.

సంగతి ఏమిటంటే, అన్నిటికీ ఒకటే అనే తుపాకి ఎక్కడా లేదంటాడు ఆదిమూలం. ఉన్నవాటిలో ఎక్కువ వాటికి సరిపోయేది ఉంటుంది, అంతే. చిన్న గుండు వేగంగా పోతుంది, దూరాన ఉన్న కణితిని కొడుతుంది. కానీ మీదికొచ్చే ఎలుగుబంటిని ఆపదు. పెద్ద గుండు ఆపుతుంది, కానీ దూరం పోయేకొద్దీ కిందికి వాలుతుంది, భుజాన్ని కూడా తంతుంది. ఈ రెంటికీ నడిమిది త్రీ సెవెంటీ ఫైవ్ అని ఒకటుంది. తేలిక గుండూ బరువు గుండూ ఒకే తుపాకిలో కాల్చవచ్చు. నీలగిరిలో తేయాకు తోట దొర ఒకడు వదిలిపోయినది అంగట్లో ఉంది. పక్కన ఇనుప పిడి ఉంటుంది, దాన్ని ఎత్తి లాగి తోస్తే కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. నేను చేత్తో పట్టుకుని చూశాను. కొట్లో ఉన్న దొరసాని ఒకామె నన్ను, నేను ఆమె పిల్లిని ఎత్తుకుపోతున్నట్టు చూసింది.

ఊఁ అను, అడ్వాన్సు ఇచ్చి పెట్టేస్తాను.

నీ పంకజం


ఐరాల,
15-12-1946

పాపకి నాయన దీవెనలు.

కుప్పయ్య లేచి కూర్చుంటా ఉండాడు. నారింజపళ్లు పుల్లగా ఉన్నాయని తిట్టినాడంట, అంటే బాగైనట్టే.

నువ్వు చెప్పిన తుపాకి వద్దు. ఆ ఇనుప పిడి నాకు నచ్చలా. తలుపు గొళ్లెం మాదిరి ఎత్తి, లాగి, తోసి, దించేలోపల ఎలుగ్గొడ్డు నా పక్కన కూర్చోని వక్కాకు అడుగుతుంది. రెండు గొట్టాలది చూడు. నా చేతికి అలవాటు. పిడి లేకుండా ఏదైనా సరే.

మీ మామ నీ ఉత్తరం విని, "బావా, ఆడపిల్లని తుపాకుల అంగడికి పంపినావు, రేపు సారాయంగడికి పంపుతావా?" అన్నాడు. మీ అమ్మ లోపలినించే, "అన్నా, ఆడికైతే నువ్వు పోతావు గదా, దానికెందుకు శ్రమ?" అనింది.

నీ నాయన


చెన్నపట్నం,
4-1-1947

నాయనా,

అమ్మకు నా సాష్టాంగం. నేను అయిదేళ్లు చదివి నేర్చుకోలేనిది ఆమె పొయ్యి దగ్గర కూర్చుని అంటుంది.

రెండు గొట్టాల రైఫిలు అడిగాను. అవి జమీందార్లు కొనేవి, మన చెరుకు మూడేళ్లు అమ్మినా అందదు. ఇంకొకటి చూపించాడు, థర్టీ నాట్ సిక్స్, అమెరికా వాళ్లది, తేలిక. యుద్ధం తర్వాత తూటాలు దొరకడమే కష్టంగా ఉంది, దీనికి మాత్రం పుష్కలం. తూటా లేని తుపాకి రోకలితో సమానం కాబట్టి అదీ ఆలోచించాలి. గుండు చిన్నదే, ఎలుగుబంటికి కొంచెం తక్కువే అవుతుంది. గురి కుదిరితే చాలంటాడు, నీ గురి గురించి నాకు భయం లేదు.

దీనికీ పిడి ఉంది. ముందే చెబుతున్నాను. పిడి లేని మంచి రైఫిలు ఈ ఊళ్లో లేదు. ఆదిమూలం చేత గడియారం పెట్టించి చూశాను, పిడి ఎత్తి దించడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. ఎలుగుబంటికి వక్కాకు నమిలే తీరిక ఉండదు.

నాయనా, నిజం చెప్పు. మామ మాటలు విని వెనకాడుతున్నావా? ఆడపిల్ల ఏరిన తుపాకి అని నలుగురూ నవ్వుతారనా? ఎద్దులు కొనేటప్పుడు కూడా నువ్వు ఇన్ని వంకలు పెట్టలేదు. నేను సరదాకి తిరుగుతున్నాననుకుంటున్నావేమో, ప్రతి శనివారం ట్రాములో నిలబడి వెళ్లి వస్తున్నాను.

పంకజాక్షి


ఐరాల,
20-1-1947

పంకజాక్షికి,

ఆడపిల్ల అని నేనెప్పుడైనా నిన్ను తక్కువ చేసినానా? పెండ్లి చేసెయ్యమని ఊరంతా చెప్పినప్పుడు నిన్ను కాలేజీకి పంపినోణ్ణి. ఆ మాట అరుగు మీద చదవలేక ఆ వరసని వదిలేసి చదివినాను. నువ్వింక ఆ అంగడికి పోవద్దు. ఉగాదికి పాత తుపాకితోనే పోతా. ఏమైతే అదవుతుంది.

మీ అమ్మ నాకు ఖాకీ చొక్కాలు రెండు కుట్టించి పంపమంటుంది. కొలతకని పాత చొక్కా ఒకటి పార్సెలు చేసినాను. పెట్టెలో మంచివి ఉండగా ఈ చినిగినదాన్నే పంపాలని పట్టు పట్టింది. ఉతకనియ్యలా కూడా. ఆడోళ్ల పట్టుదల నాకు అర్థం కాదు.

నాయన


చెన్నపట్నం,
5-2-1947

నాయనా,

చొక్కా అందింది. తప్పు నాదే, పోయిన ఉత్తరంలో నోరు జారాను. తుపాకి గురించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాను, ఇది అమ్మకూ మామకూ కూడా వినిపించు.

ఆదిమూలం మొదటి రోజే ఒక ప్రశ్న అడిగాడు, నేను పట్టించుకోలేదు. ఎంత దూరం నుంచి కాలుస్తారు అని. మన కొండలో పొదలే గాని మైదానం లేదు. అక్కడ జంతువు కనిపించేదే మన వాకిలి నుంచి గానుగంత దూరంలో. మరి దూరం పోయే గుండు మనకెందుకు? దగ్గర నుంచి గట్టిగా తగలాలి, రెండో తూటా వెంటనే ఎక్కాలి. అలాంటిది ఒకటి కొట్టు వెనక గదిలో దుమ్ము పట్టి ఉంది. ఫోర్ నాట్ ఫైవ్, అమెరికాలో చేసింది. బొటనవేలంత గుండు. ఎలుగుబంటిని ఆపుతుంది, పందికి చెప్పనక్కర్లేదు. కణితి దగ్గరికొస్తే కణితికీ సరే. దూరంగా ఉన్న దానికి దండం పెట్టి వదిలెయ్యాలి. తూటాలు ఉన్నన్ని తీసి పెట్టమన్నాను.

పక్కన పిడి లేదు. కాల్చే మీట కింద ఒక ఇనుప వంకె ఉంటుంది, వేళ్లు అందులో దూర్చి కిందికి తోసి పైకి లాగితే తూటా ఎక్కుతుంది. కుడి పక్క, ఎడమ పక్క అని లేదు, ఎవరికైనా ఒకటే. భుజాన్ని మాత్రం బాగా తంతుంది, కర్ర చివర ఇనప రేకు ఉంది. కొత్త చొక్కాకు భుజం దగ్గర లోపల దూది పెట్టి కుట్టమని దర్జీకి చెప్పాను.

నీ పంకజం

(లోపల మడిచిన కాగితం)

నాయనా, ఇది నీకొక్కడికే.

ఆ చొక్కా నేను పోయిన దసరాకు పంపినది. కుడి భుజం మీద ఇస్త్రీ మడత ఇంకా అలాగే ఉంది. ఎడమ భుజం మీద గుడ్డ అరిగి, తుపాకి నూనె ఇంకి, నల్లబడి, చినిగిన చోట అమ్మ లోపల నుంచి మాసిక వేసి ఉంది. ఎందుకు ఉతకనివ్వలేదో ఇప్పుడు తెలిసింది. ఆమెకు రాయడం రాదు, నువ్వు రాసేదాంట్లో ఈ మాట చెప్పనివ్వవు. అందుకని చొక్కా పంపింది.

నువ్వు ఎడమ భుజాన కాలుస్తున్నావు. కుడి పక్క పిడి ఉంటే, ఎడమ భుజాన పెట్టుకున్నవాడు తుపాకి మీది నుంచి అవతలికి చెయ్యి చాచి అందుకోవాలి, అందుకే నేను చెప్పినవన్నీ వద్దన్నావు. చేతికి దెబ్బ తగిలి ఉంటే నీ దస్తూరి మారేది, మారలేదు. కాబట్టి కన్ను. కుడి కన్ను కనపడటం లేదు కదూ? నేను ఆడపిల్లనని వద్దంటున్నావనుకున్నాను. ఎంత మొద్దునో చూడు.

రాయి ముందర ఏం చేస్తావు?


ఐరాల,
16-2-1947

పాపా,

ఇది నేను గానుగ కాడ కూర్చోని రాస్తా ఉండాను. అరుగు మీద చదివేది వేరేగా రాసినాను.

దసరా నించి కుడి కంటికి పొర కమ్మింది. దీపం చుట్టూ పొగ ఉన్నట్టుండాది. మనిషి తెలుస్తాడు, మొగం తెలీదు. ఎడమ కన్ను బాగుండాది. వంక గట్టున రోజూ పొద్దున పోయి ఎడమ భుజాన పెట్టి కాల్చడం నేర్చుకున్నాను. ఇప్పుడు గురి తప్పదు. మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. ఆమెకీ నేను చెప్పలా, నాకు సంగటి వడ్డించేటప్పుడు కనిపెట్టింది. గిన్నె కుడిపక్క పెడితే నేను వెతుక్కుంటా ఉండానంట.

ఊరికి చెప్తే ఏమవుతుందో నీకు తెలుసు. మొదటి తుపాకి పోతుంది. అది పోతే నాకు చిన్నతనమే, కాదనను. కానీ పోయినేడు ముప్పై మందిమి కొండెక్కినాము, ముప్పై మందిమి దిగినాము. ఈసారి ఒంట్లో రవ్వలున్న ఎలుగ్గొడ్డు ఎదురుగా ఉండాది. ఆ లెక్క నా చేతిలోనే ఉండాలని నా ఆశ. కొండలో ఎడమ భుజాన కాలిస్తే ఎవరూ ఏమీ అనరు. గంగమ్మ రాయి కాడే చిక్కు. ఆడ కుడి భుజమే ఉండాల, ఆ ఇంటి రక్తమే ఉండాల.

నీ ఫోర్ నాట్ ఫైవ్ కొను. దాన్ని మోసుకొచ్చే మనిషి పేరు లైసెన్సులో ఉండాలంటే చిత్తూరు ఆఫీసుకి పోయినాను. గుమస్తా, "ఎవరి పేరు రాయాల? తమ్ముడా, అల్లుడా?" అన్నాడు. "కూతురు," అన్నాను. పెన్ను పక్కన పెట్టి నన్ను చూసినాడు. "రాయప్పా, సిరా ఆరిపోతుంది," అన్నాను. రాసినాడు.

ఇది అడగాలంటే నోరు రావడం లేదు, అందుకే రాస్తా ఉండాను. మోసుకొచ్చిన దానివి, రాయి ముందర నీ కుడి భుజం నాకిస్తావా?

నాయన


చెన్నపట్నం,
24-2-1947

నాయనా,

ఇస్తాను. కుండ పగలగొట్టిన భుజమే గదా.

తుపాకి కొన్నాను. ఆదిమూలం కొట్టు వెనక ఇసుక మూటల ముందు నిలబెట్టి ఒక్క తూటా కాల్పించాడు. వెల్లకిలా పడలేదు. "మీ నాయన అదృష్టవంతుడమ్మా," అన్నాడు. ఎడమ భుజానికి ఏ తుపాకి ఇవ్వాలో ఆయనకు ముందే తెలుసునట, మనుషులు చెప్పనిదే అడిగే అలవాటు లేదట.

బడి పరీక్షల వల్ల ఉగాది మధ్యాహ్నమే నేను బస్సెక్కాలి. మిగతాది నీ ఎడమ భుజం చూసుకోవాలి. కంటి సంగతి అరుగు మీద చెప్పేదీ మానేదీ నీ ఇష్టం. నేనైతే చెప్పమంటాను.

పంకజం


ఐరాల,
26-3-1947

పాపకి,

నువ్వు బస్సెక్కినాక జరిగింది రాయమన్నావు. దానికి ముందర జరిగింది కూడా రాయాల, నువ్వు చెవుల్లో దూది పెట్టుకోనుండావు గనక వినలా.

నువ్వు రాయి ముందరికి రాగానే పూజారి మునెయ్య, "ఇదేందప్పా, ఆడపిల్ల," అన్నాడు. ఇద్దరు ముగ్గురు గొణిగినారు. మీ అమ్మ పసుపు తట్ట కింద పెట్టి, "గంగమ్మేమన్నా మగోడా మునెయ్యా?" అనింది. మీ మామ గట్టిగా నవ్వినాడు. అంతే, నువ్వు కాల్చేసినావు. మట్టిదిబ్బలో ఎంత గుంత పడిందో పిల్లోళ్లు ఇంకా కొలుచుకుంటా ఉండారు. రైల్లో దాన్ని వీణ అనుకోని వాయించమన్నారని నువ్వు చెప్పింది కూడా ఊరంతా తిరుగుతా ఉండాది.

నువ్వు పోయినాక ముప్పై మంది ముందర చెప్పేసినాను. నా కుడి కన్ను కనపడదు, ఎడమ భుజాన కాలుస్తా, నా కుడి పక్క ఒకడు నిలబడాల అని. ఏకాంబరం వచ్చి నిలబడినాడు.

ఎలుగ్గొడ్డు రెండో వంక కాడ లేచింది. మా మీదికే వచ్చింది, ఆయన తట్టు. మొదటి గుండు భుజంలో తగిలింది, ఆగలా. వంకె తోసి లాగినాను, తుపాకి భుజం మీదనించి దించే పనే లేదు. రెండోదానికి ఆయన కాళ్ల ముందర పడింది. పాత రవ్వలు ముడ్డి మీద పుండై ఉన్నాయి. దానికీ బాధ తీరింది.

కూర్చోని బీడీ ముట్టించుకున్నాక అడిగినాడు. "కన్ను ఎప్పుడు పోయింది బావా?"

"దసరాకి."

"నాకు కార్తీకంలోనే తెలుసు. మా ఇంట్లో భోజనానికి నా ఎడంపక్క కూర్చున్నావు. నీ ఆకులో వడ తీసుకున్నా, నీకు తెలీలా. ఇంకోటి తీసుకున్నా. అప్పుడూ తెలీలా."

"చెప్పుంటే తుపాకి మీ ఇంటికొచ్చేది గదా."

"వచ్చి ఏం చేసుకునేది? ఎవర్ని యాడ నిలబెట్టాలో నాకు తెలిస్తే గదా. బెల్లం పెనానికే దిక్కు లేదు."

ముప్పై మందిమి దిగినాము.

వేసవికి చెన్నపట్నం వచ్చి కంటికి ఆపరేషను చేయించుకోమని మీ అమ్మ, మీ మామ ఇద్దరూ కూడబలుక్కోని కూర్చున్నారు. వడలు తిన్న పాపానికి రైలు చార్జీ ఆయన పెట్టుకుంటాడంట. ఆస్పత్రి యాడుందో చూసి పెట్టు.

నీ నాయన


చెన్నపట్నం,
30-3-1947

నాయనా,

చూశాను. వైశాఖంలో తీసుకుంటామన్నారు. కళ్లకు కట్టు ఉన్నన్నాళ్లూ ఉత్తరాలు నేను చదివి వినిపిస్తాను, మామ అక్కడ లేకపోతే బాగుండదు గనక ఆయన్నీ తీసుకురా.

ఇది చిన్న ఉత్తరం. దర్జీ దూది నీ చొక్కాలో పెట్టాడు గాని నా రవికెలో పెట్టలేదు. కుడి భుజం నేరేడుపండు రంగులో ఉంది, చెయ్యి పైకి లేవడం లేదు. నల్లబల్ల మీద వ్యాకరణం వంకరగా పోతోంది. పిల్లలు ట్రాము గంట మానేసి బల్ల వైపే చూస్తున్నారు.

అక్షరాలు ఇలా ఉన్నాయని కంగారు పడకు. ఎడమచేత్తో రాస్తున్నాను. రోజూ పొద్దున కూర్చుంటే వస్తుందని నువ్వే రుజువు చేశావు కదా.

నీ పంకజం